చిలకలపూడి పూత పూసిన తుపాకీ

"క్షమించెయ్యమ్మా" అని నాకు చెప్పినవాళ్ళలో మా ఊరి పాస్టరుగారు ఉన్నారు, కాలేజీలో నా పక్క కుర్చీ ఎకనామిక్స్ మేడం ఉంది, మా వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ కూడా ఉంది. వీళ్ళెవరింట్లోనూ తుపాకీ పోలేదు. వీళ్ళెవరి అమ్మనీ బంధువుల మధ్య కూర్చోబెట్టి "ఆడదాని చేతిలో పెడితే ఇంతే" అనలేదు. అందుకని ఆ సలహా వాళ్ళ దగ్గరే ఉంచుకోమన్నాను. పాస్టరుగారితోనూ ఆ మాటే అన్నాను, కాస్త మర్యాదగా.

మాది దివిసీమలో కోడూరు దగ్గర ఊరు. మా తాత జమీందారుగారి ఖజానా దగ్గర కాపలా మనిషి. ఆయన భుజాన ఉండేది ఎన్‌ఫీల్డ్ రైఫిలు. గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి, ఇనుప చువ్వతో దట్టించి పేల్చే పాత రకం. దొరల దండు బందరు వదిలి వెళ్ళినప్పుడు కోటలో మిగిలిన సరుకు వేలం వేశారనీ, జమీందారు పూర్వీకులెవరో అందులో కొన్నారనీ తాత చెప్పేవాడట. చరిత్ర పాఠాలు చెప్పి బతుకుతున్నదాన్ని కాబట్టి ఒప్పుకుంటాను, దీనికి నేను ఆధారం చూపలేను. జమీందారీలు రద్దయినప్పుడు మా తాతకు జమీందారు పొలం ఇవ్వలేదు, స్థలం ఇవ్వలేదు. "ఇది నువ్వే ఉంచుకో" అని తుపాకీ ఇచ్చాడు.

అదేం బహుమతి అనుకోకండి. మావాళ్ళు అప్పుడప్పుడే మిషన్ బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని, ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళడం మొదలుపెట్టిన మనుషులు. ఊళ్ళో భూములున్నవాళ్ళకి మా తాత ముసలివాడయ్యాక కూడా "ఒరే"నే. భుజాన తుపాకీ ఉన్న రోజున మాత్రం ఆ "ఒరే" గొంతులోనే ఆగిపోయేదట. మా ఇంట్లో తాతల నాటి ఆస్తి అంటే అది ఒక్కటే.

ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. చర్చి మేడ మీదికెక్కి బతికాం. నీళ్ళు తీశాక ఊరంతా బియ్యం కోసం, గిన్నెల కోసం వెతుక్కుంటుంటే మా నాన్న కూలిపోయిన గోడ కింద చేతులతో బురద తోడి తుపాకీ బయటికి తీశాడు. కర్ర చీలిపోయింది. పడవలవాళ్ళ దగ్గర రాగితీగ తెచ్చి, ఆ చీలిక చుట్టూ తనే బిగించి చుట్టాడు. పేల్చే సుత్తి మాత్రం ఉప్పుకి బిగుసుకుపోయింది. ఎన్ని నూనెలు పోసినా కదల్లేదు. అప్పట్నుంచి అది పేలని తుపాకీ.

పేలకపోయినా లైసెన్సు ఉంది. లైసెన్సు ఉంది కాబట్టి ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పజెప్పాలి. నాన్న పంతులుద్యోగం మనిషి, ఆ ఒక్కరోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తుపాకీని దుప్పట్లో చుట్టి భుజాన పెట్టుకుని బస్సెక్కేవాడు. "మాస్టారూ, దానికి కూడా టికెట్ కొట్టమంటారా?" అని కండక్టరు అడిగితే, "అది సీనియర్ సిటిజన్ అయ్యా, సగం టికెట్ కొట్టు" అనేవాడు. ఓట్ల లెక్కింపు అయ్యాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేవాడు. దుప్పటి విప్పి, అన్నీ ఉన్నాయో లేదో చూసి, గోడకు తగిలించి, అప్పుడు గానీ అన్నం తినేవాడు కాదు.

నాన్న పోయిన తర్వాత వచ్చిన మొదటి ఎన్నికలప్పుడు మా ఇంట్లో బావ దిగాడు.

మా పెద్దమ్మ కూతురి భర్త. గుడివాడలో ఇల్లు, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులు. అప్పటికే ఆయనకి పాత తుపాకులు పోగుచేసే పిచ్చి ఉందని మాకు తెలుసు. డబ్బున్నవాళ్ళకి ఏదో ఒక పిచ్చి ఉంటుంది కదా అనుకునేవాళ్ళం.

"అత్తయ్యగారూ, ఎలక్షన్ కోడ్ వచ్చేసింది. మావయ్యగారు లేరు కదా, ఆ స్టేషన్ చుట్టూ మీరేం తిరుగుతారు? ఇటివ్వండి, నేను చూసుకుంటాను" అన్నాడట.

"రసీదు ఇస్తారు బాబూ. మీ మావయ్య జాగ్రత్తగా దాచేవారు."

"రసీదు నా దగ్గర ఉంటే ఒకటీ, మీ దగ్గర ఉంటే ఒకటీనా? నేనేమన్నా పరాయివాణ్ణా?"

ఎన్నికలు అయ్యాయి. తుపాకీ రాలేదు. చాలా రోజులకి బావే వచ్చి, ముఖం వేలాడేసుకుని చెప్పాడు. "లైసెన్సున్న మనిషి చనిపోయాడు కదత్తయ్యగారూ. వారసులు టైముకి మార్పించుకోలేదని జప్తు చేసి కరిగించేశారు. నేను బతిమాలని ఆఫీసరు లేడు."

అమ్మ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? పేలడానికి పనికిరాని, కాలం చెల్లిన తుపాకీకి అసలు లైసెన్సు పట్టింపే ఉండదని చట్టంలోనే ఉందని నేను తెలుసుకున్నది చాలా ఏళ్ళ తర్వాత. బావకి మాత్రం అప్పుడే తెలుసు.

నాన్న జ్ఞాపకార్థ కూడికలో, భోజనాల దగ్గర, మా బాబాయ్ అందరూ వినేలా అన్నాడు: "అన్నయ్య ఉప్పెన నోట్లోంచి లాక్కొచ్చుకున్నదాన్ని మా వదిన గుమ్మంలోంచి పంపించేసింది. ఆడదాని చేతిలో పెడితే ఇంతే." పక్కనే కూర్చుని కోడిమాంసం తింటున్న బావ, "పోన్లెండి బాబాయ్‌గారూ, పాపం అత్తయ్యగారికేం తెలుసు" అని జాలిపడ్డాడు.

ఆ జాలి నాకు గుర్తుంది. దొంగతనం కన్నా ఆ జాలే ఎక్కువ గుర్తుంది.

ఆ తర్వాత మా బంధువుల్లో ఎవరింట్లో ఏం పోయినా, తాళంచెవి పోయినా, రేషన్ కార్డు పోయినా, "కోడూరావిడకి ఇచ్చారేంటి దాచమని?" అని నవ్వుకోవడం అలవాటైంది. మొదట్లో అమ్మ వాదించేది. తర్వాత్తర్వాత తనే నవ్వుతూ, "నేను మందమతిని కదమ్మా, నాకేమీ ఇవ్వకండి" అనడం మొదలుపెట్టింది. మా అమ్మ మందమతి కాదు. తను చదివిన కాస్త చదువుతోనే ముగ్గురు మరుదుల పిల్లల్ని బడి దాటించిన మనిషి. తన నోటితో తనే ఆ మాట అనుకుంటుంటే వినడం ఎలా ఉంటుందో ఎకనామిక్స్ మేడంకి తెలీదు.

తుపాకీ కరిగిపోలేదని నాకు తెలిసింది గుడివాడలో, బావ కొత్తిల్లు కట్టుకుని ప్రతిష్ఠ ప్రార్థన పెట్టించుకున్న రోజున. హాల్లో సోఫా పైన గోడకు వరసగా తుపాకులు. అన్నీ ధగధగా మెరుస్తున్నాయి. బందరువాళ్ళకి ఆ మెరుపు ఎక్కడిదో ఒకరు చెప్పక్కర్లేదు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పని. గాజులకీ, గొలుసులకీ, వడ్డాణాలకీ పూసే బంగారు పూత తుపాకుల ఇత్తడి భాగాలకి పూయించాడు. ఇనప భాగాలకి తెల్లపూత. అంత పాత సరుకు తన ఇంట్లో నల్లగా, మసిబారి ఉంటే నామోషీ అనుకున్నాడు మహానుభావుడు. మెరిస్తేనే విలువ అని నమ్మే ఊళ్ళో పుట్టిపెరిగిన బుద్ధి అది.

మధ్యలో ఉన్నదాన్ని చూడగానే గుర్తుపట్టాను. రాగితీగ తీసేశాడు. కానీ ఏళ్ళ తరబడి తీగ కరుచుకున్న చోట కర్ర మీద వరసగా గాట్లు మిగిలిపోయాయి. నాన్న పళ్ళ బిగువుతో లాగి చుట్టిన చుట్లు అవి. ఎన్ని వార్నిషులు కొట్టినా పోలేదు.

"ఇది ఎక్కడిది బావగారూ?" అన్నాను.

"అదా! పాతబస్తీలో పట్టాను. నవాబుగారి అంగరక్షకుడిది. దాని ముందు మాట్లాడేటప్పుడు కొంచెం అదబ్‌గా, అదే మర్యాదగా, ఉండాలి మరదలా" అని, పక్కనున్నవాళ్ళకేసి చూసి నవ్వాడు.

నేను నోరు మూసుకున్న సందర్భాలు నా జీవితంలో చాలా తక్కువ. ఆ రోజు మూసుకున్నాను. అక్కడ గొడవ పెట్టుకుంటే "గుర్తేంటి, బిల్లుందా" అంటాడు, తెల్లారేసరికి తుపాకీ ఎవరికో అమ్మేస్తాడు. "అదృష్టవంతులు" అని చెప్పి, బిర్యానీ తిని, నేనూ అమ్మా ఉంటున్న బందరుకి బస్సెక్కాను. అమ్మకి చెప్పలేదు. చెప్తే వెంటనే ఫోన్ తీసి బావని నిలదీసేస్తుంది. వయసులో పెద్దదైనా, నోరు ఆపుకోవడంలో నా తల్లే కదా.

నాకు ఆ తుపాకీ కావాలి. అంతకన్నా ముందు, అది ఎవరిదో, ఎలా వచ్చిందో అతని నోటితోనే రావాలి, మా అమ్మ వినాలి. ఆ బస్సులో నేను నిర్ణయించుకున్నది ఇదే.

ఎలా అన్నదానికి అప్పటికి సమాధానం లేదు. కాబట్టి చదవడం మొదలుపెట్టాను. వేలం పాటల కేటలాగులు చదివాను, మ్యూజియంల అద్దాలకు ముక్కు ఆనించి చూశాను, ఎక్కడెక్కడి తుపాకీ పిచ్చివాళ్ళతోనో ఇంటర్నెట్‌లో గంటల తరబడి వాదించాను. ఒక పాత సైనిక రైఫిలుకి ధర ఎలా కడతారో నేర్చుకున్నాను. గొట్టం మీద కొట్టిన ముద్రలు స్పష్టంగా ఉన్నాయా? భాగాలన్నీ ఒకే తుపాకీవా, నాలుగింటివి ఏరి అతికించినవా? కర్రను గీకారా? పాత ఇనుముకి కాలం ఇచ్చిన ఆ ముదురు గోధుమరంగు మిగిలిందా, తోమేశారా? అన్నిటికన్నా ముఖ్యం, దాని కథ చెప్పగల మనిషి ఉన్నాడా? ఎవరి చేతిలో ఉండేది, ఎక్కడ తిరిగింది అన్నది నమ్మకంగా తెలిస్తే అదే తుపాకీ వెల ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మన వైపు దీంట్లో మొదటి పరీక్షలోనే అందరూ తప్పుతారు. గూడూరు దగ్గర ఒక రైతు తన తాత తుపాకీని నాకు చూపించే ముందు చింతపండు పెట్టి తోమి, ఎమెరీ కాగితంతో రుద్ది, ఎండబెట్టి తెచ్చాడు. "ఇప్పుడు చూడండి మేడంగారూ, కొత్తదానిలా ఉంది!" అన్నాడు. ముద్రలన్నీ పోయాయి. "కొత్తదానిలా ఉన్నదానికి కొత్తదాని ధర కూడా రాదండీ" అని చెప్తే నా మీదే కోప్పడ్డాడు. మరొకాయన ఇంటి గేటుకి వేసిన వెండిరంగులో మిగిలింది వృథా ఎందుకని మార్టినీ రైఫిలుకి రెండు కోటింగులు కొట్టాడు. ఇలాంటివాళ్ళు ఒకరికొకరు చెప్పుకోగా చెప్పుకోగా నేను ఈ ప్రాంతానికి తుపాకుల మేడం అయ్యాను. కలెక్టరాఫీసులో గుమాస్తాలు కూడా "ఆవిణ్ణి అడగండి" అనేవరకూ వచ్చింది.

ఆ మాట గుడివాడ చేరుతుందని నాకు తెలుసు. ఎదురుచూశాను. ఓపిక నాకు లేదనేవాళ్ళకి ఈ సంగతి తెలీదు.

రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చి బావ చెరువులు వరసగా పోయాయి. ఒకరోజు మా ఇంటికి వచ్చాడు, బందరుకి బందరు లడ్డూలు పట్టుకుని. అమ్మ చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళింది.

"మరదలా, నువ్వు పెద్ద ఎక్స్‌పర్ట్‌వైపోయావంట! మాకు చెప్పకపోతే ఎలా?"

"మీరు అడగలేదు కదండీ."

"హైదరాబాదులో హోటళ్ళాయన ఒకాయన ఉన్నాడు. రిసార్టులో గోడలకి పెట్టుకోడానికి మొత్తం కలెక్షన్ కావాలంట. తెలిసినవాళ్ళ చేత ధర కట్టించమంటున్నాడు. నువ్వయితే మనమనిషివి. కాస్త చూసీచూడనట్టు..."

"చూడకుండా ధర ఎలా కడతాను బావగారూ? చూస్తాను. బాగా చూస్తాను."

సంతోషపడ్డాడు. వెళ్ళేటప్పుడు ఒక పని చెప్పాను. "ఆ నవాబుగారి తుపాకీ ఉంది చూడండి, దాని గొట్టం కర్రలోంచి ఊడుతుందా?"

"అబ్బే, బిగుసుకుపోయింది. చిలకలపూడిలో కూడా ఊడదీయలేకపోయారు. పైకి కనిపించినంత మేరే గీకి పూత పూశారు."

"అయితే ఆ స్క్రూల మీద రోజూ రెండు చుక్కలు డీజిల్ వేస్తూ ఉండండి. గొట్టం అడుగున ముద్రలుంటాయి. అవి కనిపిస్తే ధర మారిపోతుంది."

వేశాడు. రోజూ ఫోన్ చేసి వేశానని చెప్పేవాడు కూడా. "స్క్రూ కదిలింది మరదలా!" అని ఒకరోజు చిన్నపిల్లాడిలా అరిచాడు. ఎవరి గొయ్యి ఎవరు తవ్వుకుంటున్నారో తెలియనివాడి సంతోషం వింటుంటే నాకు కలిగిన హాయి ఏ ప్రార్థనలోనూ కలగలేదు. పాస్టరుగారు మన్నించాలి.

గుడివాడలో అనుకున్న రోజున హాల్లో నలుగురం. బావ, హైదరాబాదు హోటలాయన, నేను, వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతున్న మా అక్క, అంటే బావ భార్య. తుపాకులన్నీ దించి టీపాయ్ మీద దుప్పటి పరిచి పెట్టారు.

"ఇది అఫ్గాన్ యుద్ధంలో వాడిందండీ" అన్నాడు బావ మొదటిది చూపిస్తూ.

చేతిలోకి తీసుకున్నాను. "అఫ్గాన్ కొండల్లో కమ్మరివాళ్ళు కొట్టిన నకలు. ఈ కిరీటం ముద్ర చూడండి సార్. కిరీటమా, ముల్లంగా? అలంకారం ధర వేసుకోండి."

రెండోది స్నైడర్, దొరల కాలం నాటి సైనిక రైఫిలు. "ఇది నిజమైనదే. చిలకలపూడి వెళ్ళనంతవరకు. ముద్రలు గీకేశారు, పూత పూశారు. అసలు ధరలో నాలుగోవంతు వస్తే గొప్ప."

మూడోది చూసి నవ్వొచ్చింది. "కొల్లేట్లో బాతుల్ని కొట్టే నాటు తుపాకీ. మా విద్యార్థుల కన్నా వయసులో చిన్నది."

హోటలాయన ఫోన్‌లో ఏదో నొక్కుకుంటున్నాడు. బావ ముఖం వాడింది. "నువ్వు ధర కడుతున్నావా, పాడె కడుతున్నావా?" అన్నాడు నవ్వుతున్నట్టే, పళ్ళ మధ్య నుంచి.

"ఇంకొకటి ఉందిగా బావగారూ, మీ నవాబుగారిది. ఏ నవాబు?"

"అదే... పెద్ద నవాబు."

"పేరు?"

"పేరేంటి, అందరూ నవాబుగారు అనేవాళ్ళు."

హోటలాయన మీసం కింద నవ్వుకున్నాడు. నేను సంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాను. డీజిల్ తాగిన స్క్రూలు వెన్నలా తిరిగాయి. గొట్టాన్ని కర్రకు బిగించే మూడు పట్టీలూ వదులు చేసి జరిపాను. గొట్టం పైకి లేచింది.

పైనంతా వెండిలా మెరిసే గొట్టం అడుగుభాగం ఎర్రగా, ఉప్పు తిన్న గుంటలతో ఉంది. కర్రలోని గాడి పొడుగునా ఎండిపోయి గట్టిపడిన బూడిదరంగు బురద. అందులో చితికిపోయిన చిన్న గవ్వ ముక్క. నాన్న బయటంతా కడిగాడు, లోపలికి చెయ్యి పోలేదు.

వేలితో గీకి, ఆ బురద పొడి దుప్పటి మీద రాల్చాను.

"నవాబుగారు దివిసీమలో రొయ్యల చెరువు తవ్వించారా బావగారూ?"

"ఇదేంటి మేడం?" అని హోటలాయన ముందుకు వంగాడు. అప్పటివరకూ సోఫాకి ఆనుకుని కూర్చున్న మనిషి.

"సముద్రపు బురద సార్. ఉప్పెనలో మునిగిన తుపాకీ ఇది. హైదరాబాదుకి సముద్రం రాదు కాబట్టి నవాబు కథ ఇక్కడితో సరి. ఆ కథతో అమ్మితే ఇది కూడా అలంకారమే. కానీ జమీందారు ఖజానా కాపలావాడి చేతిలో తిరిగి, ఉప్పెనలో పోయి, ఉప్పెనలోంచి తిరిగొచ్చిన తుపాకీ అని, ఇదీ మా ఇంటిదని చెప్పే మనిషి ఉంటే, అలాంటి తుపాకీ కోసం వేలంలో కొట్టుకుంటారు. మిగతా గోడంతా కలిపినా దానికి సరిపోదు. చెప్పే మనిషి కావాలి. అంతే."

ఆగాను. ఇక నేను చేయాల్సింది లేదు. బావ గొట్టం వంక చూశాడు, హోటలాయన వంక చూశాడు, నా వంక చూశాడు. నిజం చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే ధర పోతుంది. ఇన్నేళ్ళుగా ఈ మనిషిని చూస్తున్నదాన్ని, ఏది వదులుకుంటాడో నాకు అనుమానం లేదు.

"నిజానికండీ..." అని గొంతు సవరించుకున్నాడు. "ఇది మా అత్తగారి వాళ్ళదే. కోడూరు పక్కన. ఈవిడ తాతగారు ఖజానాలో కాపలా. మా మావయ్యగారు ఉప్పెన తర్వాత స్వయంగా బురదలోంచి తీశారు. చీలిన చోట రాగితీగ కూడా చుట్టి ఉండేదండీ, బాగోలేదని నేనే తీయించాను. అచ్చంగా మా కుటుంబానిదే! ఇదిగో, ఈవిడే సాక్ష్యం."

"అలాగా! మరి మీ చేతికి ఎలా వచ్చిందండీ?" అని అడిగాడు హోటలాయన. ఆయనకి పాపం కథ కావాలి.

బావ నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గర పకోడీల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మా అక్క అంది: "స్టేషన్లో కరిగించేశారని చెప్పారు కదండీ? పిన్నికి నా చేత కూడా చెప్పించారు కదా?"

"నువ్వు లోపలికి వెళ్ళు."

"పిన్నిని అన్నేసి మాటలు అంటుంటే మీరు పక్కనే ఉన్నారు. నేనూ ఉన్నాను. నేను కూడా నవ్వాను." పళ్ళెం టీపాయ్ మీద, ఆ తుపాకుల మధ్యే పెట్టి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ తలుపు చాలా రోజులు తెరుచుకోలేదని తర్వాత విన్నాను. అందుకు మాత్రం నాకు కొంచెం బాధగా ఉంది. కొంచెమే.

హోటలాయన లేచాడు. "కుటుంబం గొడవ ఉన్న వస్తువు నాకొద్దండీ. మిగతావి మేడంగారు ధర రాసి సంతకం పెడితే తీసుకుంటాను."

"పెడతాను" అన్నాను. "మా అమ్మ దగ్గరికి బావగారు ఒకసారి వచ్చి వెళ్ళాక."

తుపాకీని బావ తన కార్లో, తన ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. డ్రైవరు పక్కన నేను కూర్చున్నాను. పెడన దాటాక వెనక నుంచి అడిగాడు. "నిజం చెప్పు. వేలంలో దీనికి ఎంత వస్తుంది?"

"ఇలాంటి తుపాకీకి చాలా వస్తుంది బావగారూ. దీనికి రాదు. దీన్ని మీరు గాజులకి పూసే పూత పూయించారు కదా. చిలకలపూడి గుమ్మం ఎక్కిన రోజునే దీని ధర పోయింది."

"మరి అక్కడ..."

"అక్కడ నన్ను దీని ధర ఎవరూ అడగలేదు."

అద్దంలో అతని ముఖం చూశాను. బందరు వచ్చేవరకూ చూస్తూనే ఉన్నాను.

అమ్మ వరండాలో కూర్చుని ఉంది. తుపాకీ చూసి లేవబోయి, కుర్చీ చేతులు పట్టుకుని మళ్ళీ కూర్చుంది. అతను వంగి వందనాలు చెప్పి, నేలకేసి చూస్తూ చెప్పాడు. స్టేషన్లో ఇవ్వలేదనీ, తనే ఉంచుకున్నాననీ. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. కళ్ళు తుడవడానికి నా కొంగు సిద్ధంగా ఉంది.

"ఈ చెవి వినపడదు బాబూ. ఇటుపక్కకి వచ్చి చెప్పు" అంది అమ్మ.

అటుపక్కకి వెళ్ళి చెప్పాడు.

"గట్టిగా చెప్పు. లోపల పనిమనిషి కూడా వినాలి."

గట్టిగా చెప్పాడు. కాఫీ పెట్టనా అని అలవాటుగా అడిగేశాను. "వద్దు. వెళ్ళే తొందరలో ఉన్నాడు" అంది. మా అమ్మ గడపలోకి వచ్చినవాణ్ణి కాఫీ లేకుండా పంపడం నేను మొదటిసారి చూశాను. తర్వాత నాకేసి తిరిగి, "మీ బాబాయ్‌కి ఫోన్ కలుపు. అందరికీ వినపడేలా పెట్టు" అంది.

బావ చేత ఫోన్‌లో మళ్ళీ చెప్పించింది. అవతల కోడూరు నుంచి బాబాయ్ మాట తేలిక చేయబోయాడు.

"పోన్లే వదినా. మొత్తానికి దొరికిందిగా."

"నేను పారేస్తే కదయ్యా దొరకడానికి? అది పోలేదు. నువ్వన్న మాట కూడా ఎక్కడికీ పోలేదు, నా దగ్గరే ఉంది. వచ్చి తీసుకెళ్ళు."

"ఏ మాట వదినా? ఎప్పటి సంగతో..."

"గుర్తులేదా? చెప్పమంటావా?"

"తప్పయిపోయింది వదినా."

"నాకు చెప్పడం కాదు. భోజనాల దగ్గర నలుగురిలో అన్నావు కదా. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేచి నలుగురిలో చెప్పు. నేను వస్తాను."

కోడూరు దగ్గర మా ఊరి చర్చికి వెళ్ళాం. బాబాయ్ వెనక బెంచీలోంచి లేచి, నోట్లో నోట్లోనే రెండు ముక్కలు చెప్పి కూర్చోబోయాడు. అమ్మ ముందు వరసలోంచి వెనక్కి తిరిగి, "వినపడలేదు మరిదీ" అంది. పాస్టరుగారు నాకేసి చూశారు. నేను పాటల పుస్తకంలో పేజీలు తిప్పుకున్నాను. బాబాయ్ మళ్ళీ లేచి, మొదటి నుంచీ చెప్పాడు.

మిగతా తుపాకులకి నేను ధర రాసి సంతకం పెట్టాను, ఒక్క రూపాయి తగ్గించలేదు, ఒక్క రూపాయి పెంచలేదు. అంత తక్కువా అని బావ ఏడ్చాడట. నిజమైన ధర అంతే మరి.

తుపాకీ ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. ఆ పూత తీయించేయమని తెలిసినవాళ్ళు సలహా ఇస్తారు. అడుగున మిగిలిన ఇనుము మళ్ళీ కనిపిస్తుందనీ, కాస్తో కూస్తో విలువ వస్తుందనీ చెప్తారు. తీయించను. ఇంటికి ఎవరొచ్చినా మొట్టమొదట వాళ్ళ కళ్ళు పడేది ఆ బంగారు మెరుపు మీదే. పాత తుపాకీకి ఇదేం సోకండీ, ఎవరు చేయించారు అని అడక్కుండా ఉండలేరు.

అమ్మ అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుంటుంది. "మా అక్క అల్లుడండీ. గుడివాడ. ఏం జరిగిందంటే..." అని మొదలుపెడుతుంది. నేను లోపలికి వెళ్ళి వాళ్ళకి కాఫీ పెడతాను.